కొండ మర్యాద

తెలుగులో రోజూ వాడుకలో ఉన్న రెండు సంస్కృత పదాల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే, కొండకూ మనిషికీ ఉన్న సంబంధాన్ని గురించిన ఒక పాత ధర్మసందేహం కొత్తగా ముందుకు వస్తుంది. మొదటి పదం ‘సాహసం’. ఈనాడు అది మెచ్చుకోలుగానే వినిపిస్తుంది గాని, ధర్మశాస్త్రాలలో అది ఒక నేరానికి పేరు; మనుస్మృతి లెక్కించిన 18 వ్యవహారపదాలలో, అంటే రాజు ఎదుట విచారణకు వచ్చే వివాదాల తరగతులలో, బలప్రయోగంతో చేసిన దుండగాన్ని ‘సాహసం’ అన్నారు. రెండవ పదం ‘మర్యాద’. ఈనాడు దానికి మన్నన, గౌరవం అని అర్థం. మూలంలో మాత్రం అది హద్దు, ఎల్ల, పొలిమేర. సముద్రం మర్యాదను మీరదని పూర్వకవులు అన్నప్పుడు వారి మనసులో ఉన్నది చెలియలికట్టే. నేరం నుంచి మెప్పుకు ఎదిగిన మాటకూ, హద్దు నుంచి మన్ననకు మళ్లిన మాటకూ నడుమ పర్వతయాత్ర నిలబడి ఉంది. మంచుకొండను ఎక్కేవాడూ, దాని వాలు మీద జారి దిగేవాడూ చేస్తున్నది ఆరాధనా, విహారమా, లేక పాత అర్థంలో సాహసమా అన్నదే ఇక్కడ విచారించవలసిన ప్రశ్న.

చదును నేల మీది కోరిక

ఈ ప్రశ్నను కొండ ఒడిలో కూర్చుని అడగడం కంటే, కొండలే లేని చోటి నుంచి అడిగితే దాని పదును బాగా తెలుస్తుంది. ఖతర్ రాజధాని దోహాకు దక్షిణాన, అల్ వక్రా పురపాలిక పరిధిలో ఉన్న అల్ వుకైర్ అటువంటి చోటు. ఒకప్పుడు చిన్న పల్లెగా ఉన్న ఈ ఊరు ఇప్పుడు విల్లాల కాంపౌండ్లతో, పాఠశాలలతో పెరిగి, తెలుగువారితో సహా ఎందరో దక్షిణాసియా కుటుంబీకులకు నివాసమైంది. పక్కనున్న అల్ వక్రా పేరుకు పక్షిగూడు అనే అర్థమున్న అరబ్బీ మాట మూలమని చెబుతారు. వుకైర్ ఆ మాటకే ముద్దురూపంలా వినిపిస్తుంది. వలసవచ్చినవారు కాపురముండే ఊరికి గూటి పేరు ఉండటం సబబుగానే ఉంది, ఎందుకంటే గూడు అనేది ఎగిరిపోవడానికీ తిరిగి రావడానికీ రెండింటికీ గుర్తు.

ఈ దేశంలో కెల్లా ఎత్తైన చోటు కురైన్ అబూ అల్ బౌల్. దాని ఎత్తు 103 మీటర్లు. తిరుమల కొండ అంతకు ఎనిమిది రెట్లకు పైగా ఎత్తున ఉంటుందంటే ఆ నేల ఎంత చదునో ఊహించవచ్చు. అయినా, బహుశా అందువల్లనే, అక్కడివారికి ఎత్తు మీద, మంచు మీద కోరిక బలంగా ఉంటుంది. 2005లో దుబాయిలోని ఒక మాల్‌లో స్కీ దుబాయి పేరుతో కప్పు కింద కృత్రిమ మంచువాలు వెలిసింది. దోహా ఫెస్టివల్ సిటీ మాల్‌లో పిల్లలకు మంచు ఆటస్థలం ఉంది. మెసయీద్ దాటి దక్షిణానికి వెళితే ఖోర్ అల్ అదైద్ అనే సముద్రపుపాయ చుట్టూ ఇసుకతిన్నెలు లేచి ఉంటాయి. శీతకాలపు సెలవు రోజులలో కుటుంబాలు అక్కడికి వెళ్లి, చెక్కపలక మీద నిలబడి ఆ తిన్నెల పైనుంచి జారుతాయి. ఏడాదికొకసారి దొరికే సెలవులో స్వదేశానికి పోను మిగిలిన రోజులనూ సొమ్మునూ కూడబెట్టుకున్నవారు మరింత దూరం చూస్తారు. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి మంచు అటువంటి చూపులకు ఒక గమ్యం.

ఎండలో బతికేవారికి చల్లదనం మీద ఆశ ఉండటంలో తప్పేమీ లేదు. అయితే ఆశ ఎంతవరకు యాత్ర అవుతుంది, ఎక్కడ భోగమవుతుంది, ఎప్పుడు అపరాధమవుతుంది అన్నవి మాత్రం తేల్చుకోవలసిన సంగతులు. ఈ విషయంలో తెలుగు సాహిత్యం ఐదు వందల ఏళ్ల కిందటే ఒక పాత్రను సృష్టించి పెట్టింది.

పసరు, మంచు

16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన మార్కండేయ పురాణకథను పెంచి రాసిన ‘స్వారోచిష మనుసంభవం’, అంటే జనవ్యవహారంలో ‘మనుచరిత్ర’, ఒక గృహస్థుడి హిమాలయయాత్రతో మొదలవుతుంది. అరుణాస్పదపురంలో ఉండే ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, అతిథులను ఆదరించే ఇల్లాలికి తగిన భర్త, తల్లిదండ్రులకు సేవ చేసే కొడుకు. ఇన్ని ఉన్నా అతనికి ఒక లోటు ఉంది: తీర్థాలు తిరిగివచ్చిన అతిథులను కూర్చోబెట్టి, వారు చూసిన చోట్ల గురించి అడిగి అడిగి వినేవాడే తప్ప, ఇంటి బాధ్యతలు విడిచి తాను వెళ్లలేకపోయాడు. ఒక సిద్ధుడు వచ్చి పాదలేపం, అంటే కాళ్లకు పూసుకుంటే తలచిన చోటికి క్షణంలో చేర్చే పసరు ఇచ్చినప్పుడు, ఆ లోటు ఒక్కసారిగా తీరింది. ప్రవరుడు హిమాలయానికి చేరి, కళ్లారా చూసి, మధ్యాహ్నం కాగానే ఇల్లు గుర్తుకు వచ్చి తిరుగు ప్రయాణానికి సిద్ధపడతాడు. అప్పుడు గాని అతనికి తెలియదు, ఎండకు కరిగిన మంచునీటిలో కాలి పసరు కొట్టుకుపోయిందని.

ఈ కథను సాధారణంగా, అక్కడ ప్రవరుడిని మోహించిన వరూధిని అనే దివ్యకాంతకూ అతనికీ నడుమ నడిచిన శృంగార ఘట్టంగా, ఇంద్రియనిగ్రహానికి ఉదాహరణగా చదువుతారు. పర్వతయాత్ర కథగా చదివితే మరో అర్థం బయటపడుతుంది. ప్రవరుడి కోరిక దోషం కాదు. పెద్దన దానిని ఎక్కడా నిందించలేదు. దోషమల్లా సాధనంలో ఉంది. నడకతో సంపాదించుకోవలసిన దూరాన్ని పసరు అతనికి ఉచితంగా ఇచ్చింది. కాలినడకన వెళ్లేవాడికి దారి తెలుస్తుంది, మజిలీలు తెలుస్తాయి, తన బలం ఎంతో తెలుస్తుంది, ఎక్కడ వెనుదిరగాలో శరీరమే చెబుతుంది. పసరు రాసుకున్నవాడికి వెళ్లడం తెలుసు గాని తిరిగి రావడం తెలియదు. సిద్ధుడి మందుకు ఒక అవధి ఉందన్న విచారణ ప్రవరుడు చేయలేదు. మర్యాద తెలియకపోవడమంటే ఇదే: అమర్యాదగా ప్రవర్తించడం కాదు, అవధి ఎక్కడో కనుక్కోకుండా అడుగు వేయడం.

నేటి గృహస్థుడికి విమానమే పాదలేపం. సాయంత్రం ఎడారిలో ఇంటి తలుపు వేసినవాడు మరునాటికి మోకాలి లోతు మంచులో నిలబడగలడు. ప్రవరుడికి ఉన్న బాధ్యతలన్నీ అతనికీ ఉన్నాయి: వెనుక తల్లిదండ్రులు, పక్కన పిల్లలు, సెలవు ముగిసేనాటికి హాజరు కావలసిన కొలువు. కనుక ‘వెళ్లవచ్చునా’ అన్న ప్రశ్న కంటే ‘అవధి ఎరిగి వెళ్లడం ఎలా’ అన్న ప్రశ్నే అతనికి ముఖ్యమైనది.

చెప్పులు విప్పిన చోటు

అవధిని ఎరగడాన్ని భారతీయ సంప్రదాయం ముందుగా పాదంతోనే నేర్పింది. 15వ శతాబ్దపు వాగ్గేయకారుడు తాళ్లపాక అన్నమాచార్యుడి జీవితాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపద కావ్యంగా రాశాడు. అందులోని కథ ప్రకారం, ఎనిమిదేళ్ల అన్నమయ్య ఇల్లు విడిచి ఒంటరిగా తిరుమల ఎక్కుతూ, మోకాళ్ల పర్వతం దగ్గర అలసి సొమ్మసిల్లి ఒక వెదురుపొద నీడన పడిపోతాడు. అలమేలుమంగమ్మ ఆదరించి, ఆ కొండ అంతా సాలగ్రామమయమనీ, చెప్పులతో ఎక్కడం వల్లనే దారి కనబడలేదనీ చెబుతుంది. బాలుడు చెప్పులు విప్పేస్తాడు. కొండ కనిపిస్తుంది, నోట పద్యం పలుకుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, దేవత అతన్ని వెనక్కి పొమ్మనలేదు. ఎక్కమన్నది, కాని ఒకటి విడిచి ఎక్కమన్నది. తోలు చెప్పు మనిషికీ నేలకూ మధ్య ఉన్న రక్షణ. దానిని వదులుకోవడమంటే కొండను రాళ్లకుప్పగా కాక ఎదుటి వ్యక్తిగా ఒప్పుకోవడం.

జపాన్‌లో ఇదే భావం అచ్చంగా ఇదే రూపంలో కనిపిస్తుంది. అక్కడ ‘షుగెన్‌దో’ అనే పర్వతతపస్సుల మార్గం ఉంది. 7వ శతాబ్దానికి చెందిన ఎన్ నో గ్యోజాను దానికి మూలపురుషుడిగా సంప్రదాయం చెప్పుకుంటుంది. బౌద్ధం, ముఖ్యంగా తాంత్రిక బౌద్ధం, జపాన్ దేశవాళీ దేవతారాధనతో కలిసి పెరిగిన ఈ మార్గాన్ని అనుసరించేవారిని ‘యమబుషి’ అంటారు. ఆ మాటకు కొండల్లో పడుకునేవారని అర్థం. యమగత ప్రాంతంలో హగురో, గస్సన్, యుదోనో అనే మూడు కొండలు వారికి మహాతీర్థం. హగురో కొండకు 2,446 రాతిమెట్లు ఉన్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినవారికి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఈ కొండల్లో జరిగే దీక్షలో సాధకుడు శవానికి తొడిగే తెల్లబట్టలు కట్టుకుని ప్రవేశిస్తాడు, ఎందుకంటే కొండ ఒక గర్భం, అందులోకి వెళ్లడం చావు, దిగి రావడం మరుజన్మ. యుదోనో వద్ద గుడి గోపురమేమీ లేదు. వేడినీటి ఊట పారే ఎర్రని శిల ఒక్కటే ఆరాధ్యం. అక్కడికి చెప్పులు విప్పి వెళ్లాలి. అక్కడ చూసినది బయట చెప్పకూడదు. తిరుమల దారిలో బాలుడు నేర్చిన పాఠమే యుదోనో యాత్రికుడూ నేరుస్తున్నాడు, పైగా మౌనమనే మరో హద్దును కలుపుకుని.

అయితే యమబుషీల మూడు కొండలలో ఒకటైన 1,984 మీటర్ల గస్సన్ స్కీయింగ్‌కు కూడా పేరుపొందినదే. శీతకాలంలో దాని మీద పడే మంచు ఎంత ఎక్కువంటే, దారులు తెరుచుకోక స్కీ వాలు అప్పుడు మూతపడి ఉంటుంది. మంచు కొంత తగ్గాక, వసంతంలో తెరిచి వేసవి దాకా నడుపుతారు. ఒకే కొండ ఒకరికి దేవత, మరొకరికి ఆటస్థలం. ఈ రెండూ పరస్పరవిరుద్ధాలా అన్నది తేల్చాలంటే ఆ ఆట స్వభావాన్ని కొంత దగ్గరగా చూడాలి.

వాలు నేర్పే విద్య

స్కీయింగ్ అంటే పొడవాటి సన్నని పలకలను ప్రత్యేకమైన గట్టి బూట్లకు బిగించుకుని మంచువాలు మీద జారడం. జపాన్‌కు ఇది సైనికవిద్యగా వచ్చింది. 1911 జనవరిలో ఆస్ట్రియా సైన్యాధికారి థియోడోర్ ఫాన్ లెర్క్ నీగత ప్రాంతంలోని తకదలో జపాన్ సైనికులకు దీన్ని నేర్పాడు. 1972లో సప్పొరో, 1998లో నగానో శీతకాల ఒలింపిక్స్‌కు వేదికలయ్యేనాటికి అది జనం ఆటగా స్థిరపడింది. సైబీరియా నుంచి వీచే పొడి చలిగాలులు జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమను పీల్చుకుని, దీవుల పశ్చిమాన ఉన్న కొండలను తాకి మంచుగా కురిపిస్తాయి. హొక్కైడోలోని నిసెకో ఈ గాలికి ఎదురుగా నిలిచిన చోటు. అక్కడ ఏటా సుమారు 15 మీటర్ల మంచు కురుస్తుంది. 1,308 మీటర్ల అన్నుపురి శిఖరం చుట్టూ నాలుగు పెద్ద రిసార్టులు ఒకే టికెట్టుతో కలిసి ఉన్నాయి. ‘నుపురి’ అంటే ఆ దీవి ఆదివాసులైన ఐనుల భాషలో కొండ. ఎదురుగా ఫుజి పర్వతపు పోలికతో యోతెయి అగ్నిపర్వతం 1,898 మీటర్ల ఎత్తున నిలుచుని ఉంటుంది.

ఇటువంటి చోట ఎక్కే శ్రమ మనిషిది కాదు. తీగెకు వేలాడే కుర్చీ, అంటే లిఫ్టు, అతన్ని పైకి చేరుస్తుంది. తీర్థయాత్రలో తపస్సంతా ఎక్కడంలో ఉంటే, ఈ ఆటలో విద్యంతా దిగడంలో ఉంది. అందువల్ల స్కీయింగ్‌లో ఆధ్యాత్మికత ఏమీ లేదని తొందరపడి కొట్టివేయవచ్చు. కాని దిగడం నేర్చుకునేవాడి శరీరాన్ని గమనిస్తే ఆ తీర్పు నిలవదు. కొత్తగా వాలు అంచున నిలబడినవాడు భయంతో వీపును వెనక్కి, కొండ వైపుకు వాలుస్తాడు. అలా వెనక్కి వాలిన క్షణంలోనే పలకల ముందుభాగం మీద బరువు తగ్గి, అవి అతని మాట వినడం మానేస్తాయి. భయం ఏ పతనాన్ని తప్పించబోయిందో ఆ పతనాన్నే తెచ్చిపెడుతుంది. గురువు చెప్పేది దీనికి విరుద్ధం: మోకాళ్లు కొంచెం వంచాలి, పిక్క ఎముక బూటు నాలుకను ఒత్తేలా ముందుకు ఒరగాలి, చూపు పాదాల మీద కాక రాబోయే మలుపు మీద ఉండాలి. అంటే లోయకు తనను అప్పగించుకున్నవాడికే పలకలు వశమవుతాయి. ఆ అప్పగింత ఒళ్లు మరిచినది కాదు. ప్రతి మలుపులోనూ పలక అంచును మంచులోకి దింపి వేగాన్ని కోసుకుంటూ ఉండాలి. శరణాగతి, జాగరూకత ఒకదానికొకటి శత్రువులన్న అపోహను ఈ విద్య మోకాలి కీలులోనే పోగొడుతుంది.

నిసెకోలో మరింత విలువైన సంగతి ఒకటి ఉంది. రిసార్టు హద్దుల చుట్టూ తాడు కట్టి ఉంటుంది. ఆ తాడుకు అక్కడక్కడ గేట్లు ఉంటాయి. హద్దు బయట ఎవరూ తొక్కని మంచు ఉంది, దానితో పాటు హిమపాతం, అంటే కొండ మీది మంచుపొర ఒక్కసారిగా విరిగి జారిపడే ప్రమాదమూ ఉంది. పూర్వం జరిగిన మరణాల నుంచి పాఠం నేర్చుకుని అక్కడివారు ‘నిసెకో రూల్స్’ అనే కట్టుబాట్లు చేసుకున్నారు: బయటి మంచులోకి వెళ్లాలనుకునేవారు గేటు గుండానే వెళ్లాలి, గేటు మూసి ఉంటే వెళ్లకూడదు, తాడు కింద నుంచి ఎవరూ దూరకూడదు. రోజూ ఉదయం గాలినీ మంచునూ పరిశీలించి ఆనాటి ప్రమాదస్థితిని ప్రకటిస్తారు. ఈ కట్టుబాటు కొండను మూసివేయలేదు, విశృంఖలంగా వదిలివేయనూ లేదు. వెళ్లాలన్న కోరికను గౌరవించింది, వెళ్లే ద్వారాన్ని నిర్ణయించింది. ధర్మశాస్త్రకారులు ఎరిగిన పాత అర్థంలో మర్యాద అంటే సరిగ్గా ఇదే. మూసిన గేటు దగ్గర తాడును చూసి వెనుదిరిగినవాడు, ఆ రోజు ఎన్ని మలుపులు తిరిగినా, అన్నింటికంటే పెద్ద విద్యను అక్కడే చూపినవాడవుతాడు.

ఆగిన అడుగు

హద్దు దగ్గర ఆగడం పిరికితనం కాదని పర్వతారోహణ చరిత్రే చెబుతుంది. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ అనే ఇద్దరు బ్రిటిష్ ఆరోహకులు 8,586 మీటర్ల కాంచనజంగను తొలిసారిగా ఎక్కి, చివరి కొన్ని అడుగులు మిగిలి ఉండగా ఆగిపోయారు. ఆ శిఖరం సిక్కిం ప్రజలకు దేవత. దాని కొనను తొక్కబోమని వారి దళం సిక్కిం పాలకుడికి మాట ఇచ్చింది. తర్వాత ఎక్కిన దళాలు చాలావరకు ఆ మాటనే ఆచారంగా పాటించాయి. ఆ కొద్ది అడుగులు ఎక్కి ఉంటే శిఖరం వారి పాదం కిందికి వచ్చేది. ఎక్కనందువల్ల వారి మాట శిఖరం పక్కన నిలిచింది. అంతకు రెండేళ్ల ముందు, 1953 మే 29న, ఎవరెస్టు కొన మీద టెన్జింగ్ నోర్గే మంచులో చిన్న గుంట తవ్వి మిఠాయిలు నైవేద్యంగా పెట్టాడు. తొక్కడం తప్పనిసరైన చోట ఏదో ఒకటి అర్పించి తొక్కడం కూడా మర్యాదకు మరో రూపమే.

తెలుగువారి పర్వతభక్తిలో ఎక్కడం కంటే చూడటానికీ, చుట్టడానికీ పెద్దపీట ఉంది. శ్రీశైల శిఖరాన్ని దర్శిస్తే పునర్జన్మ ఉండదని నమ్మకం. శిఖరేశ్వరం వద్ద నంది కొమ్ముల నడుమ నుంచి ఆలయశిఖరాన్ని చూసే ప్రయత్నం చేసేవారు ఎందరో ఉన్నారు. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం కొండ చుట్టూ లక్షలాది జనం సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. అరుణాచల గిరిప్రదక్షిణ సుమారు 14 కిలోమీటర్లు. 6,638 మీటర్ల కైలాసాన్ని హిందువులు, బౌద్ధులు, జైనులు, బోన్ మతస్థులు అందరూ చుట్టి వస్తారే తప్ప ఎవరూ ఎక్కరు. ప్రదక్షిణం చెప్పే తత్త్వం సులభమైనది: కొండ మధ్యలో ఉంటుంది, మనిషి అంచున ఉంటాడు. శిఖరారోహణలో ఈ స్థానాలు కాసేపు తారుమారవుతాయి. ఆ కాసేపు మనిషి తనను తాను ఎలా చూసుకుంటాడన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. భూమి మీద గర్వంతో నడవవద్దని, మనిషి ఎంత చేసినా ఎత్తులో పర్వతాలను అందుకోలేడని ఖురాన్ 17వ అధ్యాయం హెచ్చరిస్తుంది. అల్ వుకైర్ మసీదుల్లో ప్రార్థించేవారికీ, అక్కడి ఇళ్లలో వేంకటేశ్వరుడి పటం ముందు దీపం పెట్టేవారికీ ఈ విషయంలో రెండు అభిప్రాయాలు ఉండనవసరం లేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. హద్దు పవిత్రమని ఒప్పుకుంటే, ఒకరి మీద ఒకరు గీసిన హద్దులన్నీ పవిత్రమైపోతాయి కదా? జపాన్‌లో ఎన్నో పవిత్రపర్వతాల మీద స్త్రీలకు ప్రవేశం ఉండేది కాదు. 1872లో మెయిజీ ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసినా, ఒమినే కొండ శిఖరం మీద అది ఆచారంగా ఇప్పటికీ కొనసాగుతోంది. తెలుగునేల మీద కులం గీసిన గీతల గురించి చెప్పనవసరం లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, భువనగిరి బండ మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు; ఆమెతో పాటు ఖమ్మం ప్రాంతపు దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. గల్ఫ్ దేశాల పనులకు ఎందరినో పంపిన జిల్లా నిజామాబాద్. అక్కడి వ్యవసాయ కూలీల బిడ్డ చేరిన ఎత్తు ఆ వలస కుటుంబాలన్నింటికీ తమ ఎత్తుగానే తోచి ఉంటుంది. ఖతర్‌లోనే, షేక్ మహమ్మద్ బిన్ అబ్దుల్లా అల్ థానీ 2013లో ఎవరెస్టెక్కిన తొలి ఖతరీ అయితే, 2022 మేలో షేఖా అస్మా అల్ థానీ ఆ శిఖరాన్ని చేరిన తొలి ఖతరీ మహిళ అయింది. వీరు దాటిన హద్దులను దాటకూడదని ఏ ధర్మమూ చెప్పలేదు.

కనుక రెండు రకాల హద్దులను విడదీయాలి. ఒకటి, బలవంతుడు బలహీనుడి ముందు గీసినది. అది తాను పైన ఉండటానికి ఎదుటివాడిని కింద ఉంచే ఉపాయం. మరొకటి, ఎక్కగల శక్తి ఉన్నవాడు తన ముందు తానే గీసుకున్నది; అది ఎదుట ఉన్నదాన్ని మన్నించే పద్ధతి. బ్రౌన్, బ్యాండ్ ఆపినది తమ అడుగును. మరొకరి అడుగును కాదు. అన్నమయ్య విప్పినది తన చెప్పులను. మొదటి రకం హద్దును దాటినవారి సాహసానికి నేటి మెచ్చుకోలు అర్థం తగినదే. రెండవ రకాన్ని మీరినవారి సాహసానికి మాత్రం ధర్మశాస్త్రపు పాత అర్థమే మిగులుతుంది.

తిరిగిరాని వారి సంగతి

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న ఊరిలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో, తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివి, 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీల సరిహద్దున ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనబడకుండా పోయాడు. ఏప్రిల్‌లో అతని దేహం దొరికింది. స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి. ఇటువంటి మరణాన్ని వృథా అనేవారున్నారు, వీరమరణం అనేవారూ ఉన్నారు. రెండు మాటలూ తొందరపాటే. కొండ ఎవరినీ శిక్షించదు, ఎవరినీ సత్కరించదు. మర్యాద తెలిసినవాడినీ మంచు కప్పగలదు. మర్యాద మృత్యువు నుంచి హామీ కాదు. తనకు దేని మీద హక్కు ఉందో, దేని మీద లేదో తెలిసి నడవడమే అది; ఫలితం ఎలా ఉన్నా ఆ నడక విలువ తగ్గదు. గృహస్థుడి విషయంలో ఒక్క తేడా ఉంది: అతని ప్రాణం మీద హక్కు అతనొక్కడిదే కాదు. అతని తాడు మరికొందరి నడుములకు కట్టి ఉంది. ఆ తాడును గుర్తుపెట్టుకోవడం అతని తపస్సులో మొదటి నియమం.

తలకిందులైన కథ

13వ శతాబ్దపు జెన్ గురువు దోగెన్ 1240లో ‘పర్వతజల సూత్రం’గా పేరుపొందిన ప్రసంగంలో, కొండలు నిరంతరం నడుస్తాయని, ఆ నడకను శంకించేవాడు తన నడకనూ ఎరగడని బోధించాడు. ఖోర్ అల్ అదైద్ తీరాన ఇది అక్షరాలా నిజం. అక్కడి చంద్రవంక ఆకారపు ఇసుకతిన్నెలు షమాల్ అనే వాయవ్యపు గాలికి ఏటా కొన్ని మీటర్లు జరుగుతూ సముద్రం వైపు నడుస్తాయి. మంచుకొండలూ ఇప్పుడు నడుస్తున్నాయి, కాని వెనక్కి. హిమానీనదాలు కుంచించుకుపోతున్నాయి, యూరప్ ఆల్ప్స్‌లో తక్కువ ఎత్తున ఉన్న స్కీ వాలులు మంచు చాలక మూతపడుతున్నాయి.

ఇందులో ఎడారికీ మంచుకూ ఉన్న సంబంధం దూరపుది కాదు. ఖతర్ సంపదకు మూలం సహజవాయువు. దానిని ద్రవంగా మార్చి నింపిన తొలి నౌక 1997 జనవరిలో చేరినది జపాన్‌కే. దాన్ని కొన్న చుబు ఎలక్ట్రిక్ సంస్థ నగానో కొండలకు కూడా విద్యుత్తు అందించేదే. ఒకచోట నేల కింద నుంచి తీసిన ఇంధనం మరోచోట లిఫ్టును తిప్పుతుంది, గదిని వెచ్చబరుస్తుంది, ఆ గదికి అతిథిని మోసుకొచ్చే విమానాన్ని ఎగరేసేదీ దానికి తోబుట్టువైన ఇంధనమే. ఆ మంటల పొగ చివరికి చేరేది మంచు మీదికే. పెద్దన కావ్యంలో మంచు పసరును కరిగించింది. ఈ కాలపు కథలో పసరే మంచును కరిగిస్తోంది. ప్రవరుడు పోగొట్టుకున్నది తన తిరుగుదారిని మాత్రమే. నేటి యాత్రికుడు, తన తర్వాత వచ్చేవారు చూడవలసిన కొండనే పోగొట్టగలడు. ఈ స్థితిలో నిసెకో తాడు రిసార్టు అంచున మాత్రమే కట్టి ఉందనుకోవడం పొరపాటు. అది విమానం టికెట్టు కొనే చోటి నుంచే మొదలైంది.

దీని నుంచి, ఎవరూ ఎక్కడికీ వెళ్లకూడదన్న తీర్పు రాదు. చూడని కొండను ప్రేమించడం కష్టం, ప్రేమించనిదాన్ని కాపాడటం ఇంకా కష్టం. వచ్చే తీర్పు వేరు: వెళ్లేవాడు యాత్రికుడిలా వెళ్లాలి. ఏటా కొత్త మంచు వెతుక్కుంటూ కాక, జీవితంలో ఒకటి రెండుసార్లు, సిద్ధపడి, ఎక్కువ రోజులు ఉండేలా వెళ్లడం ఒక మర్యాద. అక్కడి కొండ పేరు ఎవరి భాషలోదో, అక్కడ ఎవరు ఏమి పూజిస్తారో తెలుసుకుని అడుగుపెట్టడం ఒక మర్యాద. మూసిన గేటు దగ్గర పిల్లల ఎదుటే వెనుదిరిగి, ఎందుకు తిరిగామో వారికి చెప్పడం ఇంకొక మర్యాద. యుదోనోలో చూసినది చెప్పకూడదన్న నియమం ఎంత లోతైనదో గ్రహించి, చూసిన ప్రతిదాన్నీ ఫోనులో బంధించి అందరికీ చూపాలన్న తహతహను కాసేపు అణచుకోవడం మరొకటి. ఇంత చేయలేనివారు ఖోర్ అల్ అదైద్ తీరాన ఇసుకతిన్నె కింద చెప్పులు విప్పి, ఒంటరిగా ఒకసారి పైకెక్కి, దిగి చూడవచ్చు. కొండ మర్యాద నేర్వడానికి ఆ ఎత్తు చాలు.

పెద్దన తన ప్రవరుడిని హిమాలయం మీద నిస్సహాయుడిగా వదిలిపెట్టలేదు. పసరు పోయినా, ప్రలోభం ఎదుట నిలిచినా, అతనికి తాను నిత్యం కొలిచిన అగ్ని మిగిలి ఉంది. ఆ అగ్నిని అతను పిలిచాడు. శిఖరం ఎక్కించమని అడగలేదు, మరో అద్భుతం చూపమనీ అడగలేదు. పొద్దు గుంకకముందే ఇల్లు చేర్చమని అడిగాడు.